కనుమ దగ్గర పరిచిన కోటు

లొవేడా ఆ కోటును రోజుకి ఒక్కసారే వాసన చూసుకునేది. అంతకన్నా ఎక్కువ చూస్తే అరిగిపోతుందని భయం.

హోబర్ట్ మే నెలలో పోయాడు. చొక్కాలూ పంట్లాలూ చర్చివాళ్ళు వచ్చి మూట కట్టుకుపోయారు. బూట్లు ఎవరి కాలికి పట్టినవి వాళ్ళు తీసుకున్నారు. ఆ వేటకోటు జోలికి మాత్రం ఆమె ఎవరినీ రానివ్వలేదు. గోధుమరంగు మందపాటి కాన్వాసు కోటు. మోచేతుల దగ్గర జిడ్డుపట్టి నల్లబడింది. పొగాకు, డీజిలు, ఎలుగు కొవ్వు, కుక్క చొంగ, ముప్పైయేళ్ళ చెమట, అన్నీ కలిస్తే హోబర్ట్. ఆయన బతికున్నన్నాళ్ళూ ఆ కంపుకోటుతో నా వంటింట్లో అడుగుపెడితే కాళ్ళు విరగ్గొడతానని అరిచిన మనిషే ఇప్పుడు దాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, మూతి బిగించి, దుప్పట్ల పెట్టెలో అట్టడుగున దాచింది. పొద్దున కాఫీ తాగాక సంచి మూతి కాస్త వదులు చేసి, ముక్కు దూర్చి, గబుక్కున మూసేసేది. ఊరగాయ జాడీకి తడి చెయ్యి తగలనివ్వని ఇల్లాలికి ఎంత జాగ్రత్తో అంత జాగ్రత్త. పిచ్చంటే పిచ్చే. మొగుడు పోయినవాళ్ళని అడిగి చూడండి, ఎవరి పిచ్చి వాళ్ళకుంటుంది.

కోటు కాక హోబర్ట్‌ది అంటూ ఇంట్లో మిగిలింది ప్రీచర్ ఒక్కడే. ఒళ్ళంతా పులిచారలున్న వేటకుక్క. ఎలుగు జాడ దొరికితే చాలు, పాస్టరుగారు ప్రసంగం అందుకున్నట్టు గొంతెత్తి, ఎలుగు చెట్టెక్కి ఆమెన్ అనేదాకా ఆపడు. అందుకే హోబర్ట్ ఆ పేరు పెట్టాడు. అసలు పాస్టరుగారికీ ఆ సంగతి తెలుసు, నవ్వి ఊరుకున్నాడు. హోబర్ట్ పోయాక వాడు తిండి తగ్గించేశాడు. ఎప్పుడు చూసినా పికప్ బండి తలుపు దగ్గరే పడుకుని ఉండేవాడు. లొవేడా వాడిని తిట్టేది, బతిమాలేది, మొక్కజొన్న రొట్టెలో మాంసం పులుసు కలిపి ముందు పెట్టేది. వాడు ఆమె మొహమాటానికి అన్నట్టు రెండు ముద్దలు తిని మళ్ళీ వెళ్ళి తలుపు దగ్గర చేరేవాడు.

అక్టోబరులో ఎలుగు వేట మొదలైంది. హోబర్ట్ తమ్ముడు గార్లండ్ వచ్చి, ప్రీచర్‌ని ఒక్కసారి తనతో నేషనల్ ఫారెస్టులోకి పంపమని అడిగాడు. అరవై నిండిన మనిషి. నోట్లో నువ్వుగింజ నానదు కానీ వదిన ముందు మాత్రం కాస్త తగ్గి ఉంటాడు.

"కొండగాలి తగలకపోతే వాడు ఇక్కడే చిక్కి చచ్చిపోతాడు వదినా. వేటకుక్కని వాకిట్లో కట్టేసి చంపుకోవడం పాపం."

"మీ అన్న మాట తప్ప ఎవరి మాటా విననోడు నీ మాట వింటాడా? నీ పెళ్ళామే వినదు కదయ్యా."

"అది నా మాట వింటే నేను ఇన్నేళ్ళు వేటకెందుకు పోతాను" అన్నాడు గార్లండ్.

ఆమెకి నవ్వొచ్చింది. చాన్నాళ్ళ తర్వాత వచ్చిన నవ్వు కావడంతో, దాని ఊపులోనే సరే అనేసింది.

గురువారం నాడు కెర్లీ కనుమ దగ్గర, ఫారెస్టువాళ్ళ ఇనప గేటు పక్కన కుక్కల్ని వదిలారు. పెద్ద ఎలుగు. మొదట జాడ పట్టింది ప్రీచరే. వాడి గొంతు విని గార్లండ్‌కి కళ్ళనీళ్ళు వచ్చాయట, అన్నయ్య పక్కనే నిలబడ్డట్టు అనిపించిందట. వేట శిఖరం దాటి అవతలి లోయలోకి పోయింది. మధ్యాహ్నానికల్లా మిగతా కుక్కలన్నీ కుంటుకుంటూ, నాలుకలు వేళ్ళాడేసుకుని వెనక్కి వచ్చాయి. ప్రీచర్ రాలేదు. వాడి గొంతు ఆఖరిసారి వాగు అవతల ఎక్కడో వినిపించి ఆగిపోయింది.

అలా తప్పిపోయిన కుక్క కోసం ఆ కొండల్లో తాతలనాటి పద్ధతి ఒకటుంది. కుక్కని ఎక్కడ వదిలారో అక్కడే, యజమాని ఒంటిమీది కోటు తీసి నేలమీద పరిచి ఇంటికి వెళ్ళిపోతారు. కుక్క ఎంత దూరం పోయినా, వదిలిన చోటు వెతుక్కుంటూ రావడం దాని పుట్టుగుణం. వచ్చి చూస్తే మనిషి లేకపోయినా కోటు ఉంటుంది. ఆ కోటు మీద చుట్ట చుట్టుకుని పడుకుంటుంది, తెల్లారి వెళితే తోక ఊపుతుంది. కనుమలోనో గేటు పక్కనో నేలమీద కోటు కనిపిస్తే, జేబులో బంగారం ఉందని తెలిసినా ఆ కొండల్లో ఎవడూ ముట్టుకోడు. దొంగసారా కాసేవాడు కూడా పక్కనుంచి తప్పుకు పోతాడు.

గార్లండ్ తన కోటే పరిచాడు. ఒక రాత్రి పోయింది, ఇంకో రాత్రి పోయింది. కోటు మీద ఆకులు రాలాయి తప్ప కుక్క వాలలేదు.

శనివారం మధ్యాహ్నం వచ్చి వసారాలో కూర్చున్నాడు. లొవేడా ఆపిల్ పళ్ళు ఎండబెట్టడానికి చక్రాల్లా కోస్తోంది. కాఫీ ఇచ్చింది. తాగాడు. వాన రాదన్నాడు, మొన్న ఎవరో ఫారెస్టు రోడ్డులో బండి బోల్తా కొట్టించారన్నాడు, రెండో కప్పు కాఫీ అడిగాడు. ఎప్పుడూ గలగల్లాడే మనిషి ఇలా చుట్టూ తిరుగుతుంటే ఆమెకి సంగతి తెలిసిపోయింది.

"అడుగు. గొంతులో ఏం ఇరుక్కుంది?"

"వాడికి నా వాసనెందుకు వదినా" అన్నాడు గార్లండ్ కప్పులోకి చూస్తూ. "నేనెవర్ని వాడికి? అన్నయ్య కోటుంటే..."

ఆమె కత్తి కింద పెట్టింది. పంపమని కాళ్ళావేళ్ళా పడ్డది నువ్వు, పోగొట్టింది నువ్వు, ఇప్పుడు ఆ కోటు కూడా నేనే ఇవ్వాలా అని అడిగింది. ఇంకా చాలా అడిగింది. ముప్పైయేళ్ళ కిందట ఆమె కోడిపెట్టని బండి కింద తొక్కించిన సంగతి కూడా ఆ వరసలో వచ్చింది. గార్లండ్ కళ్ళు తుడుచుకుంటుంటే చూసి ఆమే ఆగింది.

లోపలికి వెళ్ళి పెట్టె తెరిచింది. దుప్పట్లన్నీ తీసి మంచం మీద పడేసి సంచిని ఒళ్ళో పెట్టుకుంది. ఒక రాత్రి మంచులో, గాలిలో పరిస్తే ఇందులో సగం పోతుంది. మిగిలిన సగం కుక్క పడుకుని పోగొడుతుంది. తర్వాత తనకేం మిగులుతుంది? ఇల్లంతా వెతికినా ఆయన వాసన ఉన్న గుడ్డపేలిక ఇంకొకటి లేదు. దిండుగలీబు మొదట్లోనే, బుద్ధి లేక, ఉతికేసింది. మరోపక్క చూస్తే అక్కడ ఎముకలు కొరికే చలిలో ఒక ప్రాణం తిరుగుతోంది. అది తిరిగేది ఈ కోటు కోసమే. హోబర్ట్ అయితే ఏం చేసేవాడన్నది ఆలోచించాల్సిన పనే లేదు. ఆ కుక్క కోసం తన చర్మమే ఒలిచి పరిచేవాడు. భార్య కోసం అంత పని చేసేవాడా అన్నది వేరే సంగతి.

ఆ రోజుకి వాసన చూడటం అప్పటికే అయిపోయింది. అయినా మొహం మొత్తం సంచిలో పెట్టి, ఊపిరి నిండేదాకా చూసింది. తర్వాత మళ్ళీ మూతి కట్టేసి, "పద, నేనూ వస్తున్నా" అంది.

పొద్దువాలే వేళకి కనుమ చేరారు. గార్లండ్ తన కోటు తీసి బండిలో వేశాడు. గేటు పక్కన ఓక్ చెట్టు మొదట్లో ఆకులు సర్ది, ఆమే కోటు పరిచింది. వాసన పైకి వచ్చేలా లోపలి వైపు తిప్పి పరిచి, చేతులు రెండూ చాపి పెట్టింది. పక్కన గిన్నెలో నీళ్ళు పెట్టింది. గార్లండ్ బండిలోంచి ఒక అట్టముక్క, పెన్సిలు తెచ్చాడు.

"కుక్క కోసం పెట్టాం, ముట్టుకోవద్దు అని రాసి పెడదాం వదినా. ఈమధ్య ఆదివారాలు ఊళ్ళనుంచి జనం తెగ వస్తున్నారు. నడిచేవాళ్ళు, గుడారాలవాళ్ళు."

"ఎవరికి రాస్తావ్? కొండమీద కోటు ఎందుకుంటుందో తెలియని దద్దమ్మ ఎవడున్నాడు? మీ అన్న కోటుకి బోర్డు కడతావా, సంతలో అమ్మకానికి పెట్టినట్టు?"

గార్లండ్ అట్టముక్కని మళ్ళీ సీటు కిందకి తోసేశాడు. ఆ వదినతో వాదించి గెలిచినవాడు ఇంతవరకూ పుట్టలేదు.

ఆదివారం తెల్లవారగానే వెళ్ళి చూశారు. కోటు మంచుకి బిరుసెక్కి ఉంది. గిన్నెలో నీళ్ళు తగ్గలేదు. ఆమె చెయ్యి కోటు మీదకి వెళ్ళింది, తీసేసుకుని వెళ్ళిపోదామని. వాడు వచ్చి పడుకునేదాకా తీయకూడదు వదినా, ఇవాళ వస్తాడు చూడు అని గార్లండ్ ఆపాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని చర్చికి వెళ్ళింది. పాస్టరుగారు తప్పిపోయిన కుక్క కోసం అందరిచేతా ప్రార్థన చేయించాడు. దాని పేరు పలకాల్సి వచ్చినప్పుడు మాత్రం కాస్త దగ్గాడు.

మధ్యాహ్నం దాటాక మళ్ళీ వెళ్ళేసరికి చెట్టు కింద కోటు లేదు.

మొదట ఆమెకి అర్థం కాలేదు. తప్పు చెట్టు దగ్గర చూస్తున్నానేమోనని ఇంకో చెట్టు దగ్గరికి వెళ్ళి వచ్చింది. గార్లండ్ ఏ దొంగవెధవ పని ఇదని బూతులు అందుకున్నాడు. నిన్నటిదాకా గేటు పక్కన పడి ఉన్న బీరు డబ్బాలు, తూటా తొడుగులు, చాక్లెట్ కాగితాలు ఒక్కటీ లేవన్నది ముందు చూసింది ఆమే. నీళ్ళ గిన్నె కూడా లేదు. పండగకి ఇల్లు దులిపినట్టు ఆ చోటంతా తుడిచిపెట్టి ఉంది. దొంగ ఎవడూ బీరు డబ్బాలు ఏరుకుపోడు. చీకటిపడేదాకా గార్లండ్ వాగువైపు తిరుగుతూ కుక్కని పేరు పెట్టి పిలిచాడు. కొండ అతని గొంతే అతనికి తిప్పి ఇచ్చింది.

సోమవారం ఫారెస్టు ఆఫీసు తలుపులు తీసేసరికి ఆమె మెట్ల మీద కూర్చుని ఉంది. లోపలి కుర్రాఫీసరు ఎక్కడో పడమటి రాష్ట్రంనుంచి కొత్తగా వచ్చినవాడు, మంచివాడు. ఆదివారం కాలేజీ పిల్లలు స్వచ్ఛందంగా వచ్చి దారులన్నీ శుభ్రం చేశారని, బోలెడు చెత్త ఎత్తారని సంతోషంగా చెప్పాడు. ఆమె కోటు సంగతి అడిగింది. ఎవరో పారేసి పోయారనుకున్నారట.

"పారేసిపోయేవాడు చేతులు చాపి, పక్కన గిన్నెతో నీళ్ళు పెట్టి పోతాడా నాయనా?"

అతనికి అప్పుడు అనుమానం వచ్చింది. ఆమె చెప్పింది విన్నాక మొహం ఎర్రబడిపోయింది. కోటు చెత్తకుప్పలో వేయలేదు, కంగారు పడకండి అన్నాడు. మెరిడిత్ అనే అమ్మాయి, ఇంత మంచి కోటు పాడవడమెందుకు, ఉతికి, ఊడిన గుండీ కుట్టి పేదవాళ్ళకిస్తానని తీసుకెళ్ళిందట.

ఉతికి అన్న మాట వినగానే లొవేడా బల్ల మీది ఫోను అతని ముందుకి తోసింది. "ఉతకొద్దని చెప్పు. ఇప్పుడే చెప్పు" అంది. అతను హాస్టలుకి ఫోను చేశాడు. అమ్మాయి క్లాసులో ఉందన్నారు. ఉతకొద్దని రాసుకోండి, అదొక్కటే రాసుకోండి అని ఆమె పక్కనుంచి అంటూనే ఉంది. ఆ రాత్రంతా ఆ పిల్ల బద్ధకస్తురాలైతే బాగుండునని దేవుణ్ణి వేడుకుంది. తన ఇంట్లో అలాంటి ఆడపిల్ల ఉంటే చీపురు తిరగేసేది. ఆ పిల్ల విషయంలో మాత్రం బద్ధకమే వరమనిపించింది.

మంగళవారం పొద్దున చిన్న ఎర్ర కారొకటి వాకిట్లో ఆగింది. దిగిన పిల్లకి ఇరవై ఏళ్ళుంటాయి, మొహం నిండా మచ్చలు, కాళ్ళకి కొండలెక్కే బూట్లు. చేతిలో కాగితపు సంచి. గార్లండ్ అప్పటికే వచ్చి ఉన్నాడు. ఆ పిల్ల వంటింటి బల్ల మీద సంచి పెట్టి, రాత్రే బయల్దేరుదామనుకున్నానని, ఎవరో పెట్టుకున్న వస్తువని తెలియలేదని, క్షమించమని గుక్క తిప్పుకోకుండా చెప్పింది. లొవేడా ఆ మాటలేవీ వినలేదు. సంచి మూతి తెరిచింది. కోటు చక్కగా మడత పెట్టి ఉంది. మోచేతుల దగ్గరి నలుపు పోయింది. ఊడిన గుండీ చోట కొత్త గుండీ ఉంది. పైకి తీయకముందే పూలసబ్బు వాసన వంటిల్లంతా కమ్మేసింది.

"మీ కబురు అందేసరికే ఉతికేశానండీ" అంది మెరిడిత్. ఎదురుగా ఉన్న మొహాలు చూసి, ఏమనాలో తెలియక, ఇంకా చెప్పింది. "బాగా ఉతికాను. మొదటిసారి మరకలు పోలేదని రెండోసారి కూడా ఉతికాను."

నిన్నటినుంచీ లొవేడా ఆ పిల్లని అనాల్సినవన్నీ వరసగా పేర్చుకుని ఉంచుకుంది. ఇప్పుడు ఆ కొత్త గుండీని వేలితో తడుముతూ ఉండిపోయింది. గార్లండే, మెల్లగా, చిన్నపిల్లకి చెప్పినట్టు, కోటు ఎందుకు పరిచారో, ఎవరిదో చెప్పాడు. మెరిడిత్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి ఆ చెయ్యి తీసి, చాలా చిన్నగా అడిగింది.

"ఆ కుక్కకి చారలుంటాయా?"

గార్లండ్ కుర్చీలోంచి లేచాడు.

"మేం వ్యాను ఎక్కి బయల్దేరుతుంటే పొదల్లోంచి వచ్చింది. కుంటుతోంది. ఆ చెట్టు దగ్గరికి పోయి వాసన చూసింది. మళ్ళీ వ్యాను వెనకాల పడింది. మమ్మల్ని తరుముతోందనుకున్నాం. అందరం నవ్వాం. నేను కిటికీలోంచి చెయ్యి కూడా ఊపాను."

"కోటు ఎక్కడుంది అప్పుడు?" అంది లొవేడా. ఆ పిల్లతో ఆమె అన్న మొదటి మాట అది.

"నా ఒళ్ళో."

వాడు వచ్చాడు. పద్ధతి ఎప్పటిలాగే పనిచేసింది. వచ్చేసరికి హోబర్ట్ ఎవరో తెలియనివాళ్ళ బండిలో కూర్చుని, తనని వదిలేసి, కొండ దిగి పోతున్నాడు. వాడికి అర్థమైంది అదే. ఇంకేం అర్థమవుతుంది పాపం. లొవేడాకి ఆ పరుగు కళ్ళకి కట్టినట్టు కనిపించింది.

"ఎంత దూరం వచ్చాడు?"

"మట్టిరోడ్డు దిగి హైవే ఎక్కేదాకా కనిపిస్తూనే ఉంది. ఆ తర్వాత మా బండి వేగం అందుకుంది."

వాళ్ళు ఇన్నాళ్ళూ కొండ పైన వెతికారు. వాళ్ళు వచ్చిపోయే దారి కొండకి ఇవతలిది, అవతల కింద రోడ్డు వైపు వెతకాలని ఎవరికీ తోచలేదు.

పికప్‌లో బయల్దేరారు, గార్లండ్ బండి తోలుతుంటే ఆమె పక్కన కూర్చుంది. మెరిడిత్ కారు వెనకే వచ్చింది. లొవేడా ఒళ్ళో కోటు ఉంది. దారి పొడుగునా ఆమె దాన్ని వెతుకుతూనే ఉంది. కాలరు కింద చూసింది, చంకల దగ్గర చూసింది, జేబులు బయటికి లాగి మూలమూలనా కుట్లలో ముక్కు పెట్టి చూసింది. ఎక్కడ చూసినా పూలే. అయినా ఆశ చావలేదు. మనిషి ముక్కెంత? వాన కడిగేసిన బండరాయి మీద కూడా నిన్న నడిచిన ఎలుగేదో ప్రీచర్ చెప్పగలడని హోబర్ట్ వందసార్లు గొప్పలు పోయాడు. తన ముక్కుకి అందనిది వాడి ముక్కుకి అందుతుంది. ఇందులో ఆయన రవ్వంత మిగిలినా వాడు పసిగడతాడు. అంత మాత్రం చాలు తనకి. ఆ మాట గార్లండ్‌తో పైకే అంది. గార్లండ్ బండి కాస్త వేగం పెంచాడు.

మట్టిరోడ్డు హైవేని కలిసేచోట ఆపిల్ పళ్ళ కొట్టొకటి ఉంది, పళ్ళ కాలంలో మాత్రమే తెరుస్తారు. కొట్టావిడ పొరుగు జిల్లా మనిషి. అడగ్గానే చెయ్యి చూపించింది. ఆదివారం నుంచీ అక్కడే ఉన్నాడట. వచ్చిన రోజు ఈ దారంట ఆ దారంట పరిగెత్తి, రెండుసార్లు లారీల కింద పడబోయి, ఆఖరికి తూము పక్కన కూర్చున్నాడట. మాంసం ముక్క వేస్తే చూడలేదు, దగ్గరికి వెళితే పళ్ళు చూపించాడు. వచ్చే పోయే ప్రతి బండినీ చూస్తున్నాడని, ఎవరికోసమో తెలియక తనకి గుండె తరుక్కుపోతోందని చెప్పింది.

ప్రీచర్ రోడ్డువార గడ్డిలో ముందుకాళ్ళు చాపుకుని ఉన్నాడు. వ్యాను పోయిన తూర్పు వైపే మొహం. అరికాళ్ళు చీలి రక్తం గడ్డకట్టింది, పక్కటెముకలు లెక్కపెట్టేలా తేలాయి. లొవేడా పేరు పెట్టి పిలిచింది. వాడు తల తిప్పాడు, తోక ఒక్కసారి నేలకి కొట్టాడు, అంతే. మళ్ళీ రోడ్డు వైపు తిరిగాడు. లేచి రాలేదు.

ఆమె వెళ్ళి వాడి పక్కన గడ్డిలో చతికిలబడింది. గార్లండ్, మెరిడిత్ కొంచెం దూరంలోనే ఆగిపోయారు. కోటు విప్పి, చెట్టు కింద పరిచినట్టే, లోపలి వైపు పైకి తిప్పి వాడి ముందు పరిచింది.

"చూడరా. బాగా చూడు" అంది.

ప్రీచర్ ముక్కు దించాడు. కాలరు చూశాడు. ఒక చెయ్యి పొడుగునా చూశాడు, రెండో చెయ్యి చూశాడు. జేబులో మూతి పెట్టి కాసేపు అలాగే ఉంచాడు. వాడు మూతి బయటికి తీసి, ఒక్క తుమ్ము తుమ్మి, ఎవరిదో కోటన్నట్టు దాని అంచు మీంచి చూపు తప్పించి, మళ్ళీ రోడ్డు వైపు మొహం తిప్పుకున్నాడు.

లొవేడా వాడి మెడమీద చెయ్యి వేసింది. ఆస్పత్రిలో ఏడవలేదు, సమాధి దగ్గర ఏడవలేదు, గుండె రాయి చేసుకుందని ఊరంతా చెప్పుకున్న మనిషి. రోడ్డు పక్కన, పోయే లారీలన్నీ చూస్తుండగా, నోరు తెరిచి పసిపిల్లలా ఏడ్చింది.

"పోయాడు గార్లండ్" అంది. "మీ అన్న పోయాడు."

"అవును వదినా" అన్నాడు గార్లండ్.

చాలాసేపటి తర్వాత మెరిడిత్ దగ్గరికి వచ్చింది. ఏడ్చి ఏడ్చి ఆ పిల్ల మొహం ఉబ్బిపోయింది. నన్ను తిట్టండి, ఏదో ఒకటి అనండి అంది.

"నిన్నేమంటాను. రాసిపెడదామంటే వద్దన్నది నేను." లొవేడా ముక్కు తుడుచుకుని ఆ పిల్ల వైపు పరకాయించి చూసింది. పల్చటి చొక్కా మీదే గజగజలాడుతోంది. కోటు తీసి గడ్డి దులిపి ఆ పిల్ల చేతుల్లో పెట్టింది. "వేసుకో. చలిలో ఇలా తిరిగితే జబ్బు చేస్తుంది."

"నాకొద్దండీ. ఇది ఆయనది."

"కాదు. ఇప్పుడిది ఉత్త కోటే."

ప్రీచర్ తనంతట తను లేవలేదు. పద ఇంటికి పోదాం, నేనున్నాను కదా అని ఆమె ఎన్నిసార్లు చెప్పినా కదల్లేదు. చివరికి గార్లండే వాడిని రెండు చేతులా ఎత్తుకొచ్చి బండిలో ఇద్దరి మధ్యా కూర్చోబెట్టాడు. బండి కదలగానే వాడు వెనక్కి తిరిగి, సీటు వెనకభాగం మీద ముందుకాళ్ళు ఆనించి, వెనకద్దంలోంచి తూర్పు రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. మలుపు తిరిగి రోడ్డు కనబడకుండా పోయాక కూడా అలాగే ఉన్నాడు. ఇంటిదాకా లొవేడా వాడి నడుం పట్టుకునే ఉంది. ఇటు తిరుగు అని మాత్రం అనలేదు.